తెల్లవారుజాము మనిషి

పొద్దున్నే లేచి సురిన్ మొదట చేసే పని పళ్లు తోముకోవడం కాదు, మొహం కడుక్కోవడం అంతకన్నా కాదు. పరుపు మీంచి దొర్లినట్టు లేచి, చెప్పులు దొరికితే తొడుక్కుని, దొరక్కపోతే ఒట్టికాళ్లతోనే వెళ్లి కంప్యూటరు ముందు కూలబడుతుంది. ఆ మనిషి వచ్చిందా లేదా చూసుకోవాలి. చూసుకున్నాకే మిగతా లోకం.

వచ్చింది. ఇవాళ కూడా తెల్లవారుజామునే వచ్చింది. మొదటి స్టాపు నుంచి కొండ మీది ఆఖరి స్టాపు దాకా, ఎక్కడా ఆగిపోకుండా, ఒక్క ప్రయాణికుణ్ణి కూడా వదిలెయ్యకుండా బస్సు తోలి వెళ్లింది. సురిన్ ఊపిరి వదిలింది. అప్పుడు గుర్తొచ్చింది, నిన్న సాయంత్రం నుంచీ కడుపులో ఏమీ లేదని.

ఆ ఆట పేరు 'కొండ బస్సు'. పూసాన్‌లో, యొంగ్‌దో దీవి మీద, మూడో అంతస్తులో ఒక్క గదిలో కూర్చుని ఆరేళ్లుగా సురిన్ ఒక్కతే చేస్తున్న ఆట. బొమ్మలు తనవే, మాటలు తనవే, వాన చప్పుడు కూడా తన బాత్రూములో పట్టిందే. ఆటలో చెయ్యాల్సింది పెద్దగా ఏమీ లేదు. చిన్న ఆకుపచ్చ బస్సు ఒకటి ఉంటుంది. ఇరుకు సందుల్లోంచి దాన్ని కొండెక్కించాలి. స్టాపుల్లో జనం ఎక్కుతారు, డ్రైవరు ముసలాయనతో తమ గోడు చెప్పుకుంటారు, దిగిపోతారు. ఎవరినీ కాల్చక్కర్లేదు, ఎవరినీ గెలవక్కర్లేదు. అందుకే కాబోలు, వసంతకాలంలో సగం ఆటని రుచి చూడ్డానికని డబ్బుల్లేకుండా ఇంటర్నెట్‌లో పెట్టినప్పుడు వచ్చిన నలుగురూ రెండో స్టాపులోనే దిగిపోయారు. ఒకాయన "నిద్రొచ్చింది" అని రాసి మరీ పోయాడు. ఆ ఒక్క మాట పట్టుకుని సురిన్ ఆ వారమంతా నిద్రపోలేదు.

వానాకాలం వెళ్లేసరికి మిగిలింది ఈ ఒక్క మనిషి. పేరు తెలీదు, ఆడో మగో తెలీదు. ఎవరో ఒకరు ఆడారని, ఎప్పుడు ఆడారని, ఎంతదూరం వెళ్లారని, మాటల మధ్య ఏ జవాబు ఎంచుకున్నారని మాత్రం లెక్కల పేజీలో పడుతుంది. ఆ కాస్త దాంతోనే సురిన్ ఒక మనిషిని నిలబెట్టుకుంది. రాత్రి డ్యూటీ దిగి ఇంటికొచ్చిన నర్సు అయ్యుండొచ్చు. ఓడల రేవులో వెల్డింగు చేసేవాడు పనికెళ్లేముందు ఆడుతున్నాడేమో. ఆ మనిషి కళ్లు అలిసి ఉంటాయని నాలుగో స్టాపు దగ్గర దీపాల వెలుతురు తగ్గించింది. అయిదో మలుపు దగ్గర రోజూ కాస్త తడబడుతోందనిపించి మలుపు వెడల్పు చేసింది. సందులోని మంచు కూడా ఆ మనిషి కోసమే చిక్కబడింది. నెలలుగా ఒకరికోసం వండుతున్నట్టే ఉంది ఆమెకి. తినేవాళ్లు ఎదురుగా లేరన్నంత మాత్రాన వంట మానేస్తామా?

సోమవారం మధ్యాహ్నం ఫోను మోగింది. నారె అక్క. ఒకప్పుడు పంగ్యోలో పెద్ద ఆటల కంపెనీలో సురిన్‌కి పైన పనిచేసింది, పని నేర్పింది. సురిన్ ఫోను తీసి "అక్కా" అనబోయింది. గొంతు రాలేదు. మంచినీళ్లు తాగి, దగ్గి, మళ్లీ అంది.

"ఏమే, బతికే ఉన్నావా? ఆ గొంతేంటి, జలుబా?"

"లేదక్కా. మాట్లాడి కొంచెం రోజులైంది."

"ఎన్ని రోజులైందేంటి?"

సురిన్‌కి నిజంగా గుర్తు రాలేదు. రోజూ ప్రయాణికుల మాటలు పైకి చదువుకుంటుంది, వినడానికి ఎలా ఉన్నాయో చూడ్డానికి. అది మాట్లాడ్డం కిందికి వస్తుందో రాదో తెలియక ఊరుకుంది.

"సరే విను. శనివారం చలికాలానికి కిమ్చీ పచ్చడి పెట్టడానికి అమ్మ దగ్గరికి వస్తున్నా. నువ్వూ వస్తున్నావు. పోయినేడు ఒంట్లో బాలేదన్నావు, అంతకుముందేడు పనుందన్నావు. ఈసారి ఎగ్గొట్టావో, అమ్మే నీ గదికి వస్తానంది. ఆవిడ సంగతి నీకు తెలుసుగా."

"చూస్తానక్కా."

"చూడ్డం కాదు. ఇంకోటి. నా కొత్త టీములో ఆ కుర్చీ నీకోసమే ఖాళీగా ఉంచాను. ఆదివారం నేను తిరిగి పంగ్యో వెళ్లేలోపు అవునో కాదో చెప్పాలి. ఇంక ఆపలేను. పైవాళ్లు అడుగుతున్నారు."

"నాకు ఆట ఉందిగా అక్కా. ఆడేవాళ్లున్నారు."

"ఎంతమంది?"

అబద్ధం చెప్పొచ్చు. కానీ నారె అక్కకి అబద్ధం చెప్పడం సురిన్‌కి ఎప్పుడూ చేతకాలేదు. "ఒకరు," అంది.

అక్క ఏదైనా అనేలోపే తనే మళ్లీ అందుకుంది.

"రోజూ వస్తారక్కా. ఒక్క రోజు కూడా మానలేదు. మొదట్నుంచి చివరిదాకా ఆడి వెళ్తారు."

"అంత బుద్ధిగా ఎవరాడతారే? నేను చేసిన ఆట నేనే రోజూ ఆడలేను," అంటూ నారె నవ్వింది. సురిన్ నవ్వలేదని గమనించి ఆపేసింది. "సరేలే. ఆ ఒక్కరికోసం ఎన్నాళ్లు చేస్తావు? వాళ్లకి నువ్వెవరో కూడా తెలీదు కదే."

ఫోను పెట్టేశాక ఆ చివరిమాట గదిలోనే ఉండిపోయింది. వాళ్లకి తనెవరో తెలీదు. నిజమే. అయితే తెలియజెయ్యొచ్చు కదా? అడగొచ్చు కదా? ఆలోచన వచ్చిందే తడవు గుండె దడదడలాడింది. ఈమధ్య ఊరికే దడవస్తోంది, పాలడబ్బా మూత తీస్తున్నా వస్తోంది. కానీ ఈ దడ వేరు. ఇందులో కాస్త సంతోషం కూడా ఉంది.

ఆ సాయంత్రమూ మర్నాడు పగలంతా కూర్చుని ఆఖరి స్టాపులో దిగే చేపల గంప ముసలమ్మకి కొత్త మాటలు రాసింది. రాసి, చెరిపి, పైకి చదివి, మళ్లీ రాసింది. చివరికి ముసలమ్మ మెట్టు దిగుతూ వెనక్కి తిరిగి ఇలా అంటుంది: 'ఈ బస్సు ఇంకా పైదాకా వెయ్యాలా, లేక ఇక్కడితో ఆపెయ్యమంటావా? నువ్వు చెప్పినట్టే చేస్తాం.' కింద రెండు జవాబులు. 'పైదాకా వెయ్యండి.' 'చాలు, ఆపెయ్యండి.'

అడిగేది ముసలమ్మ కాదని ఆ మనిషికి అర్థమవుతుందా? అవుతుంది. ఇన్నాళ్లుగా రోజూ వచ్చేవాళ్లకి ఆ మాత్రం తెలీదూ? పెట్టేసి, కంప్యూటరు కట్టేసి, గోడవైపు తిరిగి పడుకుంది. ఉద్యోగమా ఆటా అన్నది ఇక తన చేతిలో లేదు. ఆ మనిషి చేతిలో పెట్టేసింది. అలా పెట్టేశాక ఒంట్లో బరువంతా దిగిపోయినట్టయి, ఎన్నాళ్ల తర్వాతో కమ్మగా నిద్రపట్టింది.

బుధవారం పొద్దున లెక్కల పేజీ తెరిచింది. ఆ మనిషి వచ్చింది. ఆఖరి స్టాపు దాకా వెళ్లింది. జవాబు: 'పైదాకా వెయ్యండి.'

సురిన్ ఆ రెండు ముక్కలూ ఎన్నిసార్లు చదివిందో. చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఒక మనిషి, ఈ దేశంలో ఎక్కడో ఒక గదిలో ఉన్న మనిషి, తనతో మాట్లాడింది. ఆట కావాలంది. సురిన్ కావాలన్నట్టే కదా అది! స్నానం చేసింది, చాలా రోజుల తర్వాత తల కూడా రుద్దుకుంది. ఉతికిన చొక్కా వేసుకుని మెట్లు దిగి బజారు దాకా నడిచింది. మెట్ల దగ్గర గోడకి ఇంటావిడ ఏదో కాగితం అంటించింది, ఆ హుషారులో దాన్ని చదవలేదు. నారింజలు కొంది. అమ్మే ఆవిడతో "ఈ ఏడాది తీపి బాగుందా అండీ?" అని అక్కర్లేని మాట కూడా ఒకటి మాట్లాడింది. తన గొంతు మరీ పెద్దగా వచ్చింది కాబోలు, ఆవిడ ఉలిక్కిపడి చూసింది. తిరిగొస్తూ దారిలోనే నిలబడి నారె అక్కకి సందేశం పెట్టింది: 'ఉద్యోగం వద్దక్కా. ఆట పూర్తిచేస్తాను. అడిగారు.'

'ఎవరడిగారే?' అని వెంటనే తిరిగొచ్చింది. సురిన్ దానికి జవాబివ్వలేదు. నారింజ ఒలిచి, సముద్రం మీద నిలబడ్డ ఓడల్ని చూస్తూ, తొన తర్వాత తొన తిన్నది.

గురువారం లేచేసరికి గది నిశ్శబ్దంగా ఉంది. ఎప్పుడూ ఉండే ఏదో చప్పుడు లేదు. దీపం వెయ్యబోతే వెలగలేదు. కిందికి తొంగిచూస్తే, ఇంటావిడ ఎలక్ట్రీషియన్ పక్కన చేతులు కట్టుకుని నిలబడి ఉంది.

"కాగితం అంటించాను కదమ్మా. వైర్లు మారుస్తున్నారు. వేకువనుంచే తీసేశారు, మధ్యాహ్నానికి గానీ రాదు," అంది ఆవిడ తలెత్తి.

పోనీలే, ఫోనుంది. సురిన్ పరుపు మీద కూర్చుని ఫోనులో లెక్కల పేజీ తెరిచింది. ఖాళీ. ఇంకోసారి తెరిచింది. అప్పుడూ ఖాళీ. ఆ మనిషి రాలేదు.

ఆలస్యమై ఉంటుందనుకుంది. కాసేపాగి చూసింది. మళ్లీ కాసేపాగి చూసింది. ఎలక్ట్రీషియన్ గోడ తొలుస్తున్న మోత పళ్లలోకి దిగుతోంది. ఒంట్లో బాలేదేమో. ప్రమాదం ఏదైనా జరిగిందేమో. రేవులో క్రేన్ల కింద పనిచేసేవాళ్లకి ఏమవుతుందో ఎవరు చెప్పగలరు? లేకపోతే తను అలా అడగడం నచ్చలేదా? బస్సు పైదాకా వెయ్యమన్నది మొహమాటానికా? ఎవరైనా మన గుమ్మంలో నిలబడి నేను కావాలా వద్దా అని అడిగితే మాత్రం ఏం చెప్తాం, కావాలనే అంటాం. మర్నాటినుంచి ఆ వీధిలోకి రావడం మానేస్తాం.

'ఎందుకడిగాను! ఎందుకడిగాను!' అని నెత్తి కొట్టుకుంది. పేరు తెలియని మనిషిని ఏ ఆస్పత్రిలో వెతకాలి? ఎవరికి చెప్పాలి, నా మనిషి ఇవాళ రాలేదని? చెప్తే నవ్వరూ? గదిలో ఆ గోడకీ ఈ గోడకీ తిరిగింది. తిరగడానికి కూడా అక్కడ ఎంతో చోటు లేదు. ఆకలి వెయ్యలేదు. నిన్నటి నారింజ తొక్కలు బల్లమీద అలాగే ఎండుతున్నాయి.

మధ్యాహ్నం కరెంటొచ్చింది. ఫ్రిజ్ గుర్రుమంది. సురిన్ కంప్యూటరు పెట్టి, అది లేచేలోపు, బల్లకింద మూలనున్న పాత కంప్యూటరు మీట కూడా కాలితోనే నొక్కింది. ఎప్పుడో కంపెనీలో ఉండగా కొన్నది. దానిమీద పాదాలు ఆనించుకుని కూర్చోవడం చలికాలం అలవాటు, వెచ్చగా ఉంటుంది. ఎందుకు ఆన్‌లోనే ఉంచుతోందో కూడా ఆలోచించడం మానేసి చాలాకాలమైంది.

లెక్కల పేజీ తెరిచి పెట్టుకుంది. చూస్తోంది. చూస్తూ ఉండగానే, కళ్లముందే, పేజీలో ఒక గీత పడింది. ఎవరో బస్సెక్కారు.

"వచ్చారు," అంది పైకే. "వచ్చారు, వచ్చారు. అమ్మయ్య."

మొదటి స్టాపు దాటింది. రెండో స్టాపు. సురిన్ రెండు చేతులూ జోడించి గడ్డంకింద పెట్టుకుంది. ఆలస్యమైందంతే. పనిమీద ఎక్కడికో వెళ్లుంటారు. ఏమీ కాలేదు, బాగానే ఉన్నారు. మూడో స్టాపు. పాదాల కింద పాత కంప్యూటరు పంకా చప్పుడు పెంచింది. గట్టిగా పనిచేస్తున్నట్టు గిర్రున తిరుగుతోంది. వెచ్చదనం అరికాళ్లలోకి ఎక్కుతోంది. నాలుగో స్టాపు.

సురిన్ తల వంచి బల్లకిందికి చూసింది.

చాలాసేపు అలాగే చూసింది. తర్వాత మోకాళ్లమీద కూర్చుని, దుమ్ములోంచి తీగ లాగి, దానికి తెర తగిలించింది. తెరమీద ఆకుపచ్చ బస్సు నడుస్తోంది. ఆడించే మనిషి లేడు. మాటలు వచ్చిన చోటల్లా మాట కింద మొదటి జవాబు దానంతటదే వెలిగి, దానంతటదే నొక్కుకుంటోంది. అయిదో మలుపు దగ్గర కాస్త తడబడింది. సర్దుకుని ముందుకు పోయింది.

పోయిన చలికాలం జ్వరంతో మూలుగుతూ తనే రాసిన ప్రోగ్రాం అది. రోజూ ఆట మొత్తం తను ఆడి చూసుకోలేక, వేకువజామున లేచి ఆటని మొదట్నుంచి చివరిదాకా నడిపి, ఎక్కడైనా ఆగిపోతే ఎర్రగుర్తు పెట్టమని రాసింది. ఏ ప్రశ్న వచ్చినా మొదటి జవాబే ఎంచమని రాసింది. మిషను ఏ పూట ఆగిపోయినా తిరిగి లేవగానే బాకీ పడ్డ ఆట ఆడెయ్యమని కూడా రాసింది. వసంతంలో జనానికి పెట్టిన ఆటనే దానిలోనూ పెట్టింది, ఆటలో ఏం మార్చినా దానికీ చేరేట్టు. నన్ను లెక్కలో వెయ్యొద్దు అని ఒక్క ముక్క చేర్చడం మర్చిపోయింది. ఎర్రగుర్తు ఎప్పుడూ పడలేదు. పడలేదు కాబట్టి దాన్నే మర్చిపోయింది.

తెరమీద ముసలమ్మ మెట్టు దిగుతూ వెనక్కి తిరిగి అడిగింది. 'పైదాకా వెయ్యండి' వెలిగింది, నొక్కుకుంది.

సురిన్ నేలమీదే కూర్చుండిపోయింది. ఏడుపు రాలేదు. నవ్వు కూడా రాలేదు. ఎవరైనా పక్కనుంటే నవ్వొచ్చేదేమో. ఇలాంటిది ఒక్కళ్లకే జరిగితే దాన్ని ఏమనాలో కూడా తెలీదు. తీగ పీకేసి పాత కంప్యూటరు ఆపేద్దామనుకుంది, చెయ్యి రాలేదు. అదే కదా రోజూ వచ్చింది.

శుక్రవారం లేవలేదు. కళ్లు తెరిచే పడుకుంది. లెక్కల పేజీ చూడనక్కర్లేదు, బల్లకింద పంకా చప్పుడు ఎప్పుడు మొదలైందో ఎప్పుడు ఆగిందో వింటూనే ఉంది. తను ఇక లేవకపోయినా అది రేపు కూడా ఆడుతుంది. ఎల్లుండీ ఆడుతుంది. మనిషి లేదని దానికి తెలీదు, లెక్కల పేజీకి తెలీదు, ఇంకెవరికి తెలుస్తుంది? ఆ ఆలోచన వచ్చి పోలేదు, వచ్చి పక్కన పడుకుంది. భయం వెయ్యాల్సింది వెయ్యలేదు. అందుకే ఎక్కడో లోపల, చాలా లోపల, సురిన్‌కి భయం వేసింది. ఫోను అందుకుని నారె అక్కకి రాసింది: 'ఉద్యోగానికి వస్తాను. ఆట తీసేస్తున్నా.' ఆ మాత్రానికే చెయ్యి పీకింది.

శనివారం పొద్దున తలుపు బద్దలయ్యేట్టు మోగింది.

"సురినా! నేనే, నారె వాళ్లమ్మని. తీస్తావా, ఇంటావిడ దగ్గర తాళంచెవి పుచ్చుకురమ్మంటావా?"

ఒక్‌బున్ పిన్నికి డెబ్భై దాటాయి. బుడగలా ఉబ్బిన దూది కోటు, పూలపూల పాంటు, తలకి చుట్టిన తువ్వాలు, ఇంత మనిషి అంత గొంతు. సురిన్ తలుపు తీసేసరికి ఆవిడ గది ఒక్క చూపు చూసింది. కిటికీ వైపు, గిన్నెల వైపు, సురిన్ జుట్టు వైపు. ఏమీ అనలేదు. ఏమీ అనకపోవడం ఆవిడకి ఎంత కష్టమో ముఖంలో తెలిసిపోయింది.

"కోటు వేసుకో. బయట గాలి కోసేస్తోంది."

"పిన్నీ, నాకు ఒంట్లో..."

"తెలుస్తూనే ఉంది. వేసుకో."

కొండకి అటువైపు పిన్ని ఇల్లు. పెరట్లో పెద్ద ఎర్ర తొట్లలో నిలువునా చీల్చిన క్యాబేజీలు ఉప్పునీళ్లలో నానుతున్నాయి. నారె రబ్బరు బూట్లేసుకుని, ఆకు ఆకు మధ్యా ఉప్పు జల్లుతోంది. సురిన్‌ని చూసి లేచింది, దగ్గరికి రాబోయి, తడిచేతులు చూసుకుని ఆగిపోయింది.

"సన్నబడ్డావే," అంది, అంతే.

క్యాబేజీలు మెత్తబడాలి. వేళ్లతో వంచితే తొడిమ విరక్కుండా వంగాలి. అప్పటిదాకా ఎవరూ చేసేదేం లేదు, మధ్యమధ్య తిప్పడం తప్ప. ముగ్గురూ లోపల, అడుగున వేడి పెట్టిన వెచ్చటి నేలమీద కూర్చున్నారు. నారె ఉద్యోగం సంగతి ఎత్తింది. సోమవారమే కాగితాలు పంపిస్తానంది. సురిన్ అన్నిటికీ తలూపింది. తల ఊపడం తేలికగా ఉంది.

"అయితే ఆ ఆట?" అంది పిన్ని.

"తీసేస్తున్నా పిన్నీ."

"తీసేసేముందు ఓసారి చూపించు. ఆరేళ్లు ఏం చేశావో నాకొక్క ముక్క తెలీదు. ఇది చెప్తే నాకు అర్థం కాదు," అంది కూతుర్ని మోచేత్తో పొడుస్తూ.

నారె తన లాప్‌టాపులో పెట్టి, తల్లికి ఏ వేలు ఎక్కడ పెట్టాలో చూపించి వెనక్కి జరిగింది. సురిన్ చెవిలో అంది: "గుర్తుందిగా. ఆడేవాళ్ల వెనక కూర్చుంటే నోరు మెదపకూడదు." పని నేర్పిన రోజుల్లో అక్క పెట్టిన నియమమే అది. ఆటగాళ్లు గోడకి గుద్దుకుంటున్నా, తప్పుదారిలో పోతున్నా, చేసినవాళ్లు సాయం చెయ్యకూడదు. రేపు కొనుక్కున్నవాళ్ల ఇంట్లో నువ్వుంటావా చెప్పడానికి, అనేది. ఒకసారి సురిన్ ఆగలేక మాట్లాడితే మూతికి ప్లాస్టరు కూడా అంటించింది.

పిన్ని మొదటి సందులోనే బస్సుని గోడకి రాసేసింది. "అయ్యో, ఎవరిదో ఇల్లు," అంది. వెనక్కి తీసి మళ్లీ రాసేసింది. కూరగాయల బండివాడు ఎక్కి, కొడుకు ఫోను చెయ్యట్లేదని చెప్పుకొచ్చాడు. సగం చదివి, తెరకేసి, "నువ్వే చెయ్యవయ్యా, పెద్దాడివి చేస్తే తప్పా?" అంది పిన్ని. జవాబులు రెండూ చదివి, "ఈ రెండూ బాలేవు, ఇంకోటి లేదా?" అని ఎవర్నో అడిగింది. సంచి లేని బడిపిల్లాడు ఎక్కితే, "స్వెట్టరేదిరా నీకు, ఈ వానలో?" అంది. ప్రతివాడితోనూ మాట్లాడింది. నవ్వింది, తిట్టింది, ఒకచోట ముక్కు చీదుకుంది.

సురిన్ గోడకానుకుని కూర్చుని వింటోంది. ఆ మాటలు తను వందలసార్లు పైకి చదువుకుంది. వాటికి ఎవరైనా తిరిగి జవాబు చెప్పగా వినడం ఇదే.

బస్సు ఎలాగో కొండెక్కింది. ఆఖరి స్టాపులో అందరూ దిగారు. చేపల గంప ముసలమ్మ కూడా దిగి, అడగాల్సింది అడిగింది. పిన్ని ఆ ప్రశ్న మీద ఆగింది గానీ జవాబు నొక్కలేదు. పక్కనున్న డ్రైవరు బొమ్మ మీద నొక్కింది. ఏమీ కాలేదు. ఇంకోసారి నొక్కింది.

"ఇతను దిగడేం?"

నారె మాట్లాడలేదు. సురిన్ మాట్లాడలేదు.

"అందరూ దిగారుగా. ఈయన కూడా దిగి కాసేపు కాళ్లు చాపుకోవాలిగా. ఓ సిగరెట్టు కాల్చుకుంటాడో, ఒంటికి పోయొస్తాడో. ఎక్కడ నొక్కితే దిగుతాడే?" పిన్ని తెరమీద ఉన్న చోటల్లా నొక్కుతోంది. బస్సు తలుపు తెరుచుకుంది, మూసుకుంది. హారను మోగింది. అద్దం తుడిచే కర్రలు అటూ ఇటూ ఆడాయి. "పాపం, వానలో అలాగే కూచున్నాడు."

"దిగలేడు పిన్నీ," అంది సురిన్. నియమం తప్పింది. నారె ప్లాస్టరు ఊసెత్తలేదు.

"ఏం?"

"కాళ్లు లేవు."

పిన్ని కళ్లజోడు సర్దుకుని తెర దగ్గరికి వంగింది. "అవిటివాడా? అయ్యయ్యో. మరెలా తోలుతున్నాడు?"

"అలా కాదు. నేనే గియ్యలేదు. సీటు వెనక నడుం కింద ఎవరికీ కనపడదు కదా. కనపడనివి గియ్యం. ఒక్కదాన్నే అన్నీ చెయ్యాలి, అక్కర్లేనివన్నీ గీస్తూ కూర్చుంటే ఎప్పటికవుతుంది?" తెరమీది డ్రైవరునే చూస్తూ అంది. "వాడు లేవాల్సిన పని ఎక్కడా లేదు. కూర్చుని తోలడమే వాడి పని. నేనే... నాకు తోచలేదు పిన్నీ. ఆరేళ్లలో ఒక్కసారి కూడా తోచలేదు, వాడు దిగాలని."

పిన్ని లాప్‌టాపు పక్కకి జరిపింది. సురిన్ ముఖంలోకి చూసింది, ఇంకెక్కడా చూడకుండా చూసింది.

"ఆడినవాళ్లెవరూ అడగలేదా?"

"ఎవరూ లేరు," అంది సురిన్. "రోజూ ఆడింది మనిషి కాదు. నేను రాసిన ప్రోగ్రామే. నేనే పెట్టి నేనే మర్చిపోయాను. దాన్నే అడిగాను అక్కా, ఆట చెయ్యనా వద్దా అని. చెయ్యమంది. మొదటిది నొక్కమని నేనే రాశా కదా, అందుకని." నవ్వబోయింది. నవ్వు సగంలో విరిగి ఏడుపైంది. అలాంటి ఏడుపు తనలో ఉందని తనకే తెలీదు. వెక్కిళ్ల మధ్య మొత్తం చెప్పింది, కరెంటు పోవడం, కంగారుపడటం, తర్వాత పంకా మోత. శుక్రవారం పక్కలోకి వచ్చి పడుకున్న ఆలోచన గురించి కూడా చెప్పింది. అది చెప్తున్నప్పుడు నారె చేతిలో ఉన్న టీకప్పు కింద పెట్టేసింది.

పిన్నికి ప్రోగ్రాములు అర్థం కాలేదు. అర్థమైనంత మాత్రం అంది: "అంటే ఇన్నాళ్లూ నీతో నువ్వే మాట్లాడుకున్నావు."

సురిన్ తలూపింది.

"ఉద్యోగం మాట వదిలెయ్," అంది నారె కాసేపటికి. "కుర్చీ సంగతి నేను చూసుకుంటా. ఆటని మాత్రం తీసెయ్యకే, ఇవాళ కాదు. ఇవాళ ఏదీ తేల్చొద్దు."

"అక్కా," అంది సురిన్. తర్వాతి మాట బయటికి రావడానికి చాలాసేపు పట్టింది. ఇద్దరూ తొందరపెట్టలేదు. "సోమవారం డాక్టరు దగ్గరికి వెళ్లాలి. నేను ఒక్కదాన్నే వెళ్లలేను. నువ్వు ఉండిపోతావా?"

"ఉంటా," అంది నారె.

పెరట్లో ఉప్పునీళ్లలో క్యాబేజీలు తిప్పే వేళ దాటిపోయింది. పిన్ని మోకాళ్లు పట్టుకుని లేచి, రబ్బరు చేతితొడుగులు మూడు జతలు తెచ్చి ముగ్గురి ముందూ పడేసింది. "ఆ డ్రైవరుకి కాళ్లు పెట్టిన రోజున చెప్పు, మిగతాది ఆడతా," అంది. "ఎప్పుడన్నా పెట్టు. నాకేం తొందర్లేదు. ముందు ఇవి తిప్పాలి, లే."

సురిన్ లేవబోయింది. ఇంతసేపు మడిచి కూర్చోవడంతో కాళ్లు తిమ్మిరెక్కి మొద్దుబారిపోయాయి. అడుగు నేలమీద ఆనినట్టే తెలియలేదు. తూలి, చేతికందిన పిన్ని భుజం పట్టుకుంది.

"కాళ్లు రావట్లేదు పిన్నీ."

"వస్తాయిలే," అంది ఆవిడ, ఆ బరువుకి తనూ కాస్త వంగి. "నిలబడు. తొందరేముంది, నేను పట్టుకునే ఉన్నాగా."